కాపీ చేసినదల్లా రాసిపెట్టే స్క్రిప్టు: నాలుగు నెలల వాడకం తర్వాత

తేలికపాటి విండో మేనేజర్‌తో (తెరపై కిటికీలను అమర్చే ప్రోగ్రాముతో) లినక్స్ వాడేవారికి ఎప్పుడో ఒకప్పుడు తప్పని అనుభవమే నాకూ ఎదురైంది. రెండు గంటలు కూర్చుని రాసిన ఒక వివరణను ఎడిటర్‌లో మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, ఇక ఆ ఫైలుతో పనేముందన్న ధీమాతో సేవ్ చేయకుండానే ఎడిటర్‌ను మూసేసి, బ్రౌజర్‌లోకి వెళ్లి పేస్ట్ నొక్కితే అక్కడ ఒక్క అక్షరం కూడా పడలేదు. తప్పు నాదే. సేవ్ చేయమంటావా అని ఎడిటర్ అడిగింది, వద్దన్నది నేనే. ఆ సాయంత్రమే, క్లిప్‌బోర్డు చరిత్రను నేపథ్యంలో నమోదు చేసే ఒక చిన్న షెల్ స్క్రిప్టును (కమాండ్లను వరుసగా నడిపించే టెక్స్ట్ ఫైలును) తెచ్చి పెట్టుకున్నాను. నాలుగు నెలలుగా అది నడుస్తూనే ఉంది. అయితే మొదటి రోజు ఉన్న రూపంలో మాత్రం లేదు. ఎందుకు లేదన్నదే ఈ సమీక్షలో ఎక్కువ భాగం.

ముందుగా నా వివరణ ఎక్కడికి పోయిందో చెప్పాలి. ఈ స్క్రిప్టు చేయగలిగేదీ చేయలేనిదీ ఆ సంగతి మీదే ఆధారపడి ఉంది. క్లిప్‌బోర్డు అంటే కాపీ చేసిన సరుకును దాచే ఒక పెట్టె అని మనం అనుకుంటాం. లినక్స్‌లో తెరపై కిటికీలు చూపించే, 1987లో విడుదలైన ఎక్స్11 పద్ధతిలో అలాంటి పెట్టె ఏదీ లేదు. కాపీ చేసినప్పుడు ప్రోగ్రాము చేసే పనల్లా, "ఈ సెలెక్షన్‌కు ఇప్పుడు యజమానిని నేను" అని ఎక్స్ సర్వర్‌కు (ఆ పద్ధతిని నడిపే ప్రోగ్రాముకు) చెప్పుకోవడమే. అసలు టెక్స్ట్ ఆ ప్రోగ్రాము దగ్గరే ఉంటుంది. మరో చోట పేస్ట్ నొక్కినప్పుడు సర్వర్ యజమానిని అడుగుతుంది, యజమాని అప్పటికప్పుడు టెక్స్ట్‌ను అందిస్తుంది. యజమాని ఈలోగా మూతపడితే అడిగే నాథుడు ఉన్నా ఇచ్చే నాథుడు ఉండడు. పైగా ఇలాంటి సెలెక్షన్లు ఒకటి కాదు: కంట్రోల్ సీతో కాపీ చేసేది క్లిప్‌బోర్డు అనే సెలెక్షన్‌లోకి వెళ్తే, మౌస్‌తో ఊరికే గీసి ఎంచుకున్నది ప్రైమరీ అనే వేరే సెలెక్షన్‌లోకి వెళ్తుంది, దాన్ని మధ్య బటన్‌తో అతికిస్తాం. సెకండరీ అని మూడోది కూడా ఉంది కానీ దాన్ని వాడే ప్రోగ్రామును నేను ఇంతవరకు కళ్లతో చూడలేదు.

నేను తెచ్చుకున్న స్క్రిప్టు సుమారు 70 లైన్ల బాష్, అంటే లినక్స్‌లో కమాండ్లు నడిపే షెల్ భాష. దానిలో రెండు భాగాలున్నాయి. మొదటిది ఆగకుండా తిరిగే ఒక లూపు: అది అరసెకనుకోసారి ఎక్స్‌క్లిప్ అనే చిన్న ప్రోగ్రాముతో క్లిప్‌బోర్డులో ఏముందో చదువుతుంది, కిందటిసారి చదివిన దానితో పోలుస్తుంది, మారి ఉంటే హోమ్ ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే ఒక దాగిన ఫైలు చివర ఒక లైనుగా చేర్చుతుంది. రెండోది ఎంపిక భాగం: నేను ఒక షార్ట్‌కట్ నొక్కగానే ఆ ఫైలును తలకిందులుగా తిప్పి, కొత్తవి పైన వచ్చేలా డీమెనూ అనే చిన్న మెనూ ప్రోగ్రాములో చూపిస్తుంది, నేను ఎంచుకున్న దాన్ని మళ్లీ క్లిప్‌బోర్డులో పెడుతుంది. ఇంతే. సెట్టింగుల కిటికీ లేదు, ట్రేలో బొమ్మ లేదు, డేటాబేసు లేదు. ఆసక్తి ఉన్నవారు పది నిమిషాల్లో మొత్తం చదివేయవచ్చు, చదవమనే నా సలహా కూడా.

మొదటి వారం నిజంగా హాయిగా గడిచింది. ఒక లాగ్ ఫైలులోంచి తేదీ, ప్రాసెస్ సంఖ్య, ఎర్రర్ సందేశం, ఫైలు దారి అనే నాలుగింటిని తీసి ఒక ఫారంలోని నాలుగు గడుల్లో నింపే పని నాకు తరచుగా ఉంటుంది. ఇంతకుముందు ఒక్కో దానికీ ఒకసారి ఇటు, ఒకసారి అటు, మొత్తం ఎనిమిది సార్లు కిటికీలు మార్చేవాడిని. ఇప్పుడు నాలుగూ వరుసగా కాపీ చేసుకుని, ఫారంలోకి ఒక్కసారి వెళ్లి, షార్ట్‌కట్‌తో ఒక్కొక్కటి దింపుతున్నాను. 1970ల మధ్యలో జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ల్యారీ టెస్లర్, టిమ్ మాట్ జిప్సీ అనే ఎడిటర్‌లో కట్, పేస్ట్‌లకు రూపమిచ్చినప్పటి నుంచి క్లిప్‌బోర్డు అంటే ఒక్క వస్తువే పట్టే చోటుగా అలవాటు పడిపోయాం. చరిత్ర అనేది చేతికి వచ్చాక ఆ అలవాటు ఎంత ఇరుకుగా ఉండేదో తెలుస్తుంది.

ఒక చిన్న అపోహను మాత్రం మొదట్లోనే తీర్చుకోవాలి. ఈ స్క్రిప్టు నమోదు చేస్తుందే తప్ప యాజమాన్యం తీసుకోదు. అంటే ఎడిటర్ మూతపడిన తర్వాత మామూలుగా పేస్ట్ నొక్కితే ఇప్పటికీ ఏమీ రాదు. షార్ట్‌కట్ నొక్కి చరిత్రలోంచి ఎంచుకుంటేనే వస్తుంది. అప్పుడు ఎక్స్‌క్లిప్ తానే కొత్త యజమానిగా నేపథ్యంలో నిలబడి టెక్స్ట్‌ను అందిస్తుంది. నాకు ఇది లోపంగా అనిపించలేదు, కానీ తెలియకపోతే స్క్రిప్టు పని చేయడం లేదని పొరబడతారు.

ఇక అరసెకనుకోసారి తొంగిచూసే పద్ధతి గురించి. దీన్ని నేను మొదట పట్టించుకోలేదు, తర్వాత కాగితం మీద లెక్క వేసి చూశాను. సెకనుకు రెండుసార్లంటే రోజుకు 1,72,800 సార్లు. ప్రతిసారీ స్లీప్ (కాసేపు ఆగమనే కమాండు) ఒక ప్రాసెస్ (నడిచే ప్రోగ్రాము), ఎక్స్‌క్లిప్ ఒక ప్రాసెస్, దాని ఫలితాన్ని పట్టుకోవడానికి బాష్ పుట్టించే తన నకలు, అంటే సబ్‌షెల్, మరొకటి. మొత్తం రోజుకు ఐదు లక్షలకు పైగా ప్రాసెస్‌లు పుట్టి చస్తున్నాయి, అదీ నేను కంప్యూటరు ముందు లేని గంటల్లో కూడా. నేటి ప్రాసెసర్లకు ఇది పెద్ద భారం కాదు, నిజమే. కానీ బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకుందామనుకున్నప్పుడల్లా భుజం తట్టి లేపడం లాంటిదే ఇది. అంతకంటే ముఖ్యమైన ఇబ్బంది మరొకటుంది. చదవడమంటే యజమానిని అడగడమే అని పైన చెప్పాను కదా. స్ప్రెడ్‌షీటులో వేల వరుసలను కాపీ చేసి ఊరుకుంటే, సెకనుకు రెండుసార్లు ఆ వరుసలన్నింటినీ టెక్స్ట్‌గా మార్చి ఇమ్మని స్క్రిప్టు ఆ స్ప్రెడ్‌షీటును వేధిస్తూ ఉంటుంది. మరోవైపు యజమాని ప్రోగ్రాము ఏ కారణం చేతనో స్తంభించిపోతే ఎక్స్‌క్లిప్ జవాబు కోసం ఎదురుచూస్తూ అలాగే ఉండిపోతుంది, దాంతో లూపు కూడా ఆగిపోతుంది, ఆ తర్వాత నేను కాపీ చేసినవేవీ చరిత్రలోకి ఎక్కవు. ఇన్ని చేసినా, అరసెకను లోపల రెండు కాపీలు జరిగితే మొదటిది జారిపోతుంది.

దీనికి మందు ఉంది, అదీ ఒక్క లైనులో. ఎక్స్ ఫిక్సెస్ అనే పొడిగింపు, సెలెక్షన్ యజమాని మారినప్పుడు కబురు పంపగలదు. క్లిప్‌నోటిఫై అనే చిన్న ప్రోగ్రాము ఆ కబురు వచ్చేదాకా నిశ్శబ్దంగా వేచి ఉండి, రాగానే ముగిసిపోతుంది. స్లీప్ ఉన్న చోట దాన్ని పెడితే, తొంగిచూడటం పోయి తలుపు తట్టినప్పుడే లేవడం వస్తుంది. యజమాని పలకకపోతే ఎక్స్‌క్లిప్‌ను ఒక సెకను తర్వాత వదిలేయడానికి టైమవుట్ కమాండు సరిపోతుంది. అయితే ఈ మార్పు చేసిన మర్నాడే నేనొక తప్పులో పడ్డాను. లూపును "ఎప్పటికీ తిరుగు, ప్రతి చుట్టులో క్లిప్‌నోటిఫై కోసం ఆగు" అన్నట్టు రాశాను. గ్రాఫికల్ సెషన్ నుంచి లాగవుట్ అయి, టెక్స్ట్ కన్సోల్‌లో వేరే పని చేసుకుంటుంటే ఫ్యాను హోరెత్తింది. ఎక్స్ సర్వర్ లేదు కాబట్టి క్లిప్‌నోటిఫై పుట్టిన క్షణమే ఎర్రర్ చెప్పి చచ్చిపోతోంది, స్లీప్ ఇప్పుడు లేదు కాబట్టి లూపు ఊపిరి పీల్చుకోకుండా గిరగిరా తిరుగుతోంది. "క్లిప్‌నోటిఫై సఫలమైనంత కాలమే తిరుగు" అని షరతును లూపు నెత్తిన పెట్టగానే సర్దుకుంది. పాత స్క్రిప్టులో స్లీప్ తెలియకుండానే ఈ ముప్పును కాస్తోందన్నమాట.

స్క్రిప్టు నాణ్యతను తూచదలచినవారు అది టెక్స్ట్‌ను ఎలా దాస్తోందో చూడాలి. నా స్క్రిప్టు పెట్టిన నియమం: ఒక్కో కాపీకి ఒక్కో లైను. టెక్స్ట్ లోపల కొత్త లైను ఉంటే, దాని స్థానంలో బ్యాక్‌స్లాష్, ఎన్ అనే రెండు గుర్తులు రాస్తుంది. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ రెండింటినీ మళ్లీ కొత్త లైనుగా మారుస్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ సీ భాషలో రాసిన ఒక లైనును చరిత్రలోంచి తీసి అతికించిన రోజున తేడా బయటపడింది. ఆ లైనులో, ప్రింట్‌ఎఫ్ కొటేషన్ల మధ్య, బ్యాక్‌స్లాష్ ఎన్ అనేది మొదటి నుంచీ ఉంది, అది ప్రోగ్రాములో భాగం. స్క్రిప్టుకు మాత్రం తాను పెట్టిన గుర్తుకూ అసలు టెక్స్ట్‌లోని గుర్తుకూ తేడా తెలియదు. దాంతో నా కోడు కొటేషన్ మధ్యలో విరిగి రెండు లైన్లయింది. కంపైలర్ వెంటనే అరిచింది కాబట్టి సరిపోయింది. అదే ఏ కాన్ఫిగరేషన్ ఫైలులోనో అయితే నిశ్శబ్దంగా ఉండిపోయేది.

దీనికంటే విచిత్రమైనది, ఒకే టెక్స్ట్‌ను రెండుసార్లు నమోదు చేయకుండా ఉండేందుకు పెట్టిన తనిఖీ. కొత్తగా వచ్చిన టెక్స్ట్ ఇప్పటికే ఫైలులో ఉందా అని స్క్రిప్టు గ్రెప్ అనే వెతికే కమాండును అడుగుతుంది, ఉందంటే రాయకుండా వదిలేస్తుంది. కొన్నాళ్లకు నేను గమనించిందేమిటంటే, ఒకే పేరాగా ఉన్న టెక్స్ట్‌లు చక్కగా నమోదవుతున్నాయి, మధ్యలో ఖాళీ లైను ఉన్న రెండు పేరాల టెక్స్ట్‌లు మాత్రం ఎన్నిసార్లు కాపీ చేసినా చరిత్రలో కనిపించడం లేదు. ఒక సాయంత్రమంతా పట్టింది కారణం దొరకడానికి. గ్రెప్‌కు ఇచ్చే నమూనాలో కొత్త లైన్లుంటే, అది దాన్ని ఒకే పొడవాటి నమూనాగా తీసుకోదు. ఒక్కో లైనునూ విడి నమూనాగా తీసుకుని, వాటిలో ఏ ఒక్కటి దొరికినా దొరికినట్టే చెబుతుంది. ఖాళీ లైను అంటే ఖాళీ నమూనా. ఖాళీ నమూనా ప్రతి లైనుకూ సరిపోతుంది. కాబట్టి ఫైలులో ఒక్క లైను ఉన్నా సరే, ఖాళీ లైనున్న ఏ టెక్స్ట్ వచ్చినా "ఇది ముందే ఉంది" అన్న జవాబే వస్తుంది. స్క్రిప్టు ఏ ఎర్రరూ చూపదు, ఏ ఫిర్యాదూ చేయదు. సరిగ్గా మనం పోగొట్టుకోకూడదనుకునే పెద్ద టెక్స్ట్‌లనే వదిలేస్తుంది. నన్ను ఈ స్క్రిప్టు వైపు నడిపించిన ఆ రెండు గంటల వివరణలో ఆరేడు పేరాలున్నాయి. ఆనాడే ఇది నడుస్తూ ఉన్నా అది దక్కేది కాదని తెలిసినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఈ రెండు రోగాలకూ ఒకటే చికిత్స చేశాను. రాసే ముందు టెక్స్ట్ మొత్తాన్ని బేస్64లోకి (ఏ డేటానైనా కొన్ని మామూలు గుర్తులతోనే రాసే పద్ధతిలోకి) మార్చి, లైను మధ్యలో విరగకుండా ఒకే లైనుగా దాస్తున్నాను. ప్రతి మూడు బైట్లూ నాలుగవుతాయి కాబట్టి ఫైలు మూడోవంతు పెరుగుతుంది, పెరగనిద్దాం. బ్యాక్‌స్లాష్ గొడవ ఉండదు, ఖాళీ లైను గొడవ ఉండదు, లైను మొత్తం సరిపోతేనే సరిపోయినట్టు అని గ్రెప్‌కు చెప్పవచ్చు. షెల్‌లో ఉన్న మరో గుణం కూడా ఇక్కడ అదుపులోకి వస్తుంది: ఒక కమాండు ఫలితాన్ని వేరియబుల్‌లోకి తీసుకునేటప్పుడు చివరనున్న కొత్త లైన్లన్నింటినీ బాష్ కత్తిరించేస్తుంది. ఎక్స్‌క్లిప్ ఫలితాన్ని వేరియబుల్‌లో పట్టకుండా నేరుగా బేస్64లోకి పంపితే అవి కూడా దక్కుతాయి.

తెలుగు రాసేవారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. మెనూలో పొడవైన టెక్స్ట్‌లు పూర్తిగా పట్టవు కాబట్టి స్క్రిప్టు ప్రతి దానిలో మొదటి 60 అక్షరాలను మాత్రమే కట్ కమాండుతో తీసి చూపిస్తుంది. ఇంగ్లీషుకు ఇబ్బంది లేదు. కానీ గ్నూ కట్ చాలా కాలంగా అక్షరాలంటే బైట్లనే లెక్క మీద నడుస్తోంది, టెక్స్ట్‌ను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్‌పాయింట్ (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్య) ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. అందువల్ల 60 అంటే మనకు దక్కేది 20 కోడ్‌పాయింట్లే. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికే ఆరు కోడ్‌పాయింట్లు, అంటే 18 బైట్లు ఖర్చవుతాయి. మధ్యలో ఎక్కడైనా ఇంగ్లీషు అక్షరమో ఖాళీయో ఉందంటే లెక్క మూడు గుణకం నుంచి తప్పవచ్చు, అప్పుడు కత్తెర కాస్తా ఒక అక్షరం కడుపులో పడుతుంది, మెనూలో చాలా వరుసల చివర ఒక ప్రశ్నార్థక డైమండ్ వేలాడుతుంది. బాష్‌లోనే ఉన్న ముక్క తీసే పద్ధతి లొకేల్‌ను (భాషకు, అక్షరాలకు సంబంధించిన సెట్టింగును) బట్టి కోడ్‌పాయింట్లను లెక్కిస్తుంది కాబట్టి నేను దానికి మారాను. అప్పుడప్పుడు ఒత్తు తెగిపోయి పొల్లు మిగులుతుంది, దానితో సర్దుకుపోవచ్చు. స్క్రిప్టును లాగిన్‌తో పాటు మొదలయ్యేలా సర్వీసుగా పెట్టుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: సర్వీసుకు మన టెర్మినల్‌లోని ఎన్విరాన్‌మెంట్ (ప్రోగ్రాములకు అందే సెట్టింగుల జాబితా) తనంతట తాను అందదు. ఏ తెరతో మాట్లాడాలో చెప్పే డిస్‌ప్లే వేరియబుల్ అందకపోతే స్క్రిప్టు అసలు నడవదు కాబట్టి వెంటనే తెలుస్తుంది; లొకేల్ అందకపోతే నడుస్తూనే మళ్లీ బైట్ల లెక్కకు జారుతుంది, ఇది ఆలస్యంగా తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ సరిచేసుకోగలిగిన లోపాలు. అసలు ఆలోచించవలసిన విషయం పాస్‌వర్డులది. నేను పాస్‌వర్డులను కీపాస్ఎక్స్‌సీలో దాచుకుంటాను. అది కాపీ చేసిన పాస్‌వర్డును మామూలుగా 10 సెకన్ల తర్వాత క్లిప్‌బోర్డు నుంచి తుడిచేస్తుంది, ఆ జాగ్రత్త ఉంది కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. అరసెకనులో చదివి రాసిపెట్టే స్క్రిప్టు పక్కన ఉన్నప్పుడు ఆ 10 సెకన్లకు అర్థం లేదన్నది నాకు తట్టలేదు. చరిత్ర ఫైలును మామూలు పద్ధతిలో సృష్టించడం వల్ల దాని అనుమతులు 644గా ఉన్నాయి, అంటే హోమ్ ఫోల్డరులోకి ప్రవేశం ఉన్న ఇతర వాడుకరి ఎవరైనా చదవవచ్చు. ఇదంతా ఒక ఎత్తు. రెండు నెలల తర్వాత, బయటి డిస్కులో ఏదో పాత ఫైలు వెతుకుతూ, ప్రతి రాత్రీ హోమ్ ఫోల్డరును అక్కడికి కాపీ చేసే నా సొంత బ్యాకప్ ఈ చరిత్ర ఫైలును కూడా శ్రద్ధగా మోసుకెళ్తోందని చూశాను. ఆ డిస్కుకు ఎన్‌క్రిప్షన్ లేదు. తెరిచి చూస్తే, నా పాస్‌వర్డులు వాడిన క్రమంలో, వాటికి ముందు వాటి యూజర్ పేర్లతో సహా, జాబితాలా ఉన్నాయి. ఎవరూ దొంగిలించలేదు; కానీ ఆ వారాంతమంతా పాస్‌వర్డులు మార్చుకుంటూ గడిపాను.

ఆ తర్వాత స్క్రిప్టులో చేసిన మార్పులు మూడు. మొదటిది అన్నింటికంటే విలువైనది. సెలెక్షన్ యజమాని టెక్స్ట్‌తో పాటు, తాను ఏయే రూపాల్లో ఇవ్వగలదో టార్గెట్స్ అనే జాబితాను కూడా ఇస్తుంది. కీపాస్ఎక్స్‌సీ వంటి ప్రోగ్రాములు ఆ జాబితాలో, కేడీఈ డెస్క్‌టాప్ వారి క్లిప్‌బోర్డు ప్రోగ్రాము క్లిప్పర్ కోసం ఏర్పడిన, పాస్‌వర్డ్ మేనేజర్ హింట్ అనే ఒక గుర్తును చేర్చుతాయి. ఇది రహస్యం, దాచుకోవద్దు అని దాని అర్థం. స్క్రిప్టు ముందుగా టార్గెట్స్‌ను అడిగి, ఆ గుర్తు కనిపిస్తే టెక్స్ట్‌ను అసలు చదవకుండానే వదిలేయాలి. రెండు లైన్ల పని ఇది, నేను తెచ్చుకున్న స్క్రిప్టులో లేదు. బ్రౌజర్ పొడిగింపుల నుంచి, టెర్మినల్ నుంచి చేత్తో కాపీ చేసే రహస్యాలకు ఈ గుర్తు ఉంటుందని నమ్మలేం కాబట్టి రెండో మార్పుగా, షార్ట్‌కట్ ఒకటి పెట్టుకుని చివరి నమోదును చెరిపేసే వీలు కల్పించుకున్నాను. మూడోది, ఫైలును హోమ్ నుంచి తీసి, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ప్రతి వాడుకరికీ లాగిన్ సమయంలో ఏర్పాటు చేసే రన్‌టైమ్ ఫోల్డరులోకి మార్చాను. అది మెమరీలో ఉంటుంది, దాని అనుమతులు 700, అంటే ఇతర వాడుకరులకు ప్రవేశం లేదు, పూర్తిగా లాగవుట్ అయ్యాక చెరిగిపోతుంది, బ్యాకప్ దాని జోలికి పోదు. మెమరీ చాలనప్పుడు ఆ భాగం స్వాప్‌లోకి, అంటే డిస్కులోకి, వెళ్లే అవకాశం ఉందన్నది మరువకూడదు. నిన్నటి కాపీలు ఈ రోజు ఉండవన్నది ఇందులో నష్టం. నాలుగు నెలల్లో నేను నిన్నటి దాని కోసం వెతికిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, కాబట్టి బాధపడలేదు.

గ్రెప్ గురించి ఇదే వరుసలో మరో ముక్క. టెక్స్ట్‌ను గ్రెప్‌కు కమాండులో భాగంగా ఇస్తే, అది నడిచే ఆ కాసేపూ నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే పీఎస్ కమాండుతో చూసేవారందరికీ ఆ టెక్స్ట్ కనబడుతుంది. టెక్స్ట్‌ను బయటికి రాసే ప్రింట్‌ఎఫ్ కమాండు బాష్‌లోనే ఉంది కాబట్టి దానికి ఆ ప్రమాదం లేదు. గ్రెప్ వేరే ప్రాసెస్ కాబట్టి ఉంది. బేస్64 ముసుగు ఉన్నా అది తాళం కాదు. నమూనాను కమాండులో రాయకుండా పైపు ద్వారా పంపితే ఈ చిక్కు పోతుంది, ఒక ఆర్గ్యుమెంటు (కమాండు వెంట రాసే విలువ) 128 కిలోబైట్లు దాటకూడదన్న లినక్స్ పరిమితి కూడా అడ్డురాదు.

బొమ్మల సంగతి: ఈ స్క్రిప్టు వాటిని పట్టించుకోదు. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన దానిలోని బోల్డు, లింకులు కూడా చరిత్రలో మిగలవు, సాదా టెక్స్ట్ మాత్రమే మిగులుతుంది. నా మటుకు ఇది మేలే. ప్రైమరీ సెలెక్షన్‌ను నమోదు చేసే ఐచ్ఛికం ఉంది కానీ ఒక గంటలోనే తీసేశాను. మౌస్‌ను లాగుతూ ఉండగా ఎంపిక పెరిగే కొద్దీ సగం మాటలు, ముప్పావు వాక్యాలు వరుసగా వచ్చి పడతాయి, చరిత్ర చిత్తు బుట్ట అవుతుంది.

ఎక్స్11 స్థానంలో వస్తున్న వేలాండ్ మీద ఈ స్క్రిప్టును ఉన్నదున్నట్టుగా వాడే వీలు లేదు. అక్కడ సాధారణంగా కీబోర్డు ఫోకస్ ఉన్న కిటికీకే క్లిప్‌బోర్డు చదివే అర్హత ఉంటుంది. నేపథ్యంలో ఎవరికీ కనబడకుండా కూర్చుని చదవడమన్నది భద్రత రీత్యా కావాలనే మూసిన దారి. డేటా కంట్రోల్ అనే ప్రత్యేక ప్రోటోకాల్‌ను అనుమతించే స్వే వంటి కంపోజిటర్లలో (వేలాండ్‌లో కిటికీలను చూపే ప్రోగ్రాములలో), డబ్ల్యూఎల్ క్లిప్‌బోర్డు ప్యాకేజీలోని డబ్ల్యూఎల్-పేస్ట్ కమాండుకు వాచ్ ఐచ్ఛికం ఇస్తే, కాపీ జరిగిన ప్రతిసారీ మనం చెప్పిన కమాండును నడిపి, టెక్స్ట్‌ను దానికి నేరుగా అందిస్తుంది. లూపు, స్లీప్, క్లిప్‌నోటిఫై ఏవీ అక్కర్లేదు. నా రెండో కంప్యూటరులో స్వే ఉంది. అక్కడ నమోదు భాగం పదిహేను లైన్లకు కుదించుకుపోయింది, ఎక్స్11 వైపు కంటే నమ్మకంగా కూడా పని చేస్తోంది.

ఇంత మరమ్మతు చేసుకునే బదులు తయారుగా దొరికేవి వాడుకోవచ్చు కదా అంటే, చాలామందికి నేనూ అదే చెబుతాను. కేడీఈ వాడేవారికి క్లిప్పర్ డెస్క్‌టాప్‌తో పాటే వస్తుంది. బొమ్మలు, ట్యాగులు, వెతుకులాట కావాలనుకునేవారికి కాపీక్యూ ఉంది. విండోస్‌లో కూడా 2018 అక్టోబరు అప్‌డేట్ నుంచి విండోస్ కీ, వీ కలిపి నొక్కితే 25 అంశాల దాకా చరిత్ర దొరుకుతోంది. షెల్ వాసన వదలకుండా, కాస్త పరీక్షకు నిలిచినది కావాలంటే క్లిప్‌మెనూ మంచి ఎంపిక. అదీ చాలా ఏళ్లు బాష్ స్క్రిప్టుల రూపంలోనే ఉండి, క్లిప్‌నోటిఫై సాయంతో నడిచినదే. తేలికపాటి విండో మేనేజర్ వాడుతూ, 70 లైన్లు చదివి దిద్దుకునే ఓపిక ఉన్నవారికే నేను ఈ స్క్రిప్టును సిఫారసు చేస్తాను. తెచ్చిన రూపంలో అయితే ఎవరికీ చేయను. ఐదింటికి మార్కులు వేయమంటే వచ్చినప్పటి దానికి రెండు, దిద్దిన తర్వాతి దానికి నాలుగు.

నాలుగో నెలలో చేసిన చివరి మార్పు చిన్నది. ఒక రోజు మెనూలో ప్రతి టెక్స్ట్ రెండేసి సార్లు కనబడింది. చూస్తే, లాగిన్‌తో మొదలయ్యే సర్వీసుగా ఒకటి, విండో మేనేజర్ కాన్ఫిగరేషన్‌లో నేనే మరిచిపోయిన పాత లైను వల్ల ఇంకొకటి, రెండు ప్రతులు ఒకే ఫైలులో పక్కపక్కనే రాస్తున్నాయి. రెండూ ఒకే క్షణంలో నిద్రలేస్తాయి కాబట్టి, ఒకటి రాసేలోపే మరొకటి "ఫైలులో లేదు" అన్న నిర్ధారణకు వచ్చేస్తోంది. ఎఫ్‌లాక్ అనే కమాండుతో ఒక తాళం వేసి, రెండో ప్రతి మొదలవగానే విరమించుకునేలా చేశాను. పాత లైనును కూడా తీసేశాను. స్క్రిప్టు ఇప్పుడు 83 లైన్లు.